పదో తేదీ అంగళ్లు

చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం చుట్టుపక్కల మూతబడిన చిల్లరంగడి గురించి ఎవరినడిగినా వచ్చే జవాబు ఒకటే: "కుప్పంలో సూపర్ మార్కెట్లు వచ్చేసినాయి గదా, ఇంక ఈడెవరు కొంటారు?" వినడానికి బాగానే ఉంటుంది గానీ లెక్క కుదరదు. ఇక్కడి బంగారు గనిని నమ్ముకున్న అంగళ్లు కుదేలైంది 2001లో గని మూతపడ్డాక రెండు మూడేళ్లలో. ట్రాలీ తోసుకుంటూ సరుకులు ఏరుకోవడం మనవైపు పల్లెవాళ్లకు అలవాటైంది దానికి చాలా తర్వాత. వెనక వచ్చినవాడి మీద ముందు జరిగిన దొంగతనం మోపినట్టుంది ఈ వాదన.

గని పల్లెలో శెట్టి అమ్మింది బియ్యం, బేడలు కాదు. గడువు అమ్మాడు. ఈరోజు సరుకు తీసుకో, జీతం రోజు కట్టు. ఆ జీతం రోజు ఏదో ఊరంతటికీ తెలిసినంతకాలం అంగడి బతికింది. తెలియకుండా పోయిన రోజు నుంచి పడింది. మిగతావన్నీ దాని తర్వాతి కారణాలు.

ముందు ఈ అంగళ్లు ఎట్లా పుట్టాయో చూద్దాం. బంగారు రాయి పట్టీ కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనుల దగ్గర ఆగిపోలేదు, దక్షిణంగా సాగి మన గుడుపల్లె వైపు దిగింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లో దిగింది. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారపేట నుంచి, మారికుప్పానికి రైలు పడింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. అప్పటికి చిత్తూరు జిల్లాయే లేదు, అది ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. కుప్పం చుట్టూ ఉన్నది కంగుంది జమీను, ఉత్తర ఆర్కాడు జిల్లా. మెట్ట చేలల్లో రాగులు, ఉలవలు పండించుకునే ఊళ్లకు ఏటా ఒకటి రెండుసార్లు తప్ప డబ్బు కనబడేది కాదు. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు వారం వారం సంతలోనే. చాలాసార్లు గింజలు కొలిచి పోసి తెచ్చుకునేవే. గనికి కూలికి పోయినవాళ్లు ఈ ఊళ్లకు చిల్లర తెచ్చారు. చిల్లర వచ్చిన ఊళ్లోకి చిల్లరంగడి వచ్చింది.

అయితే కూలి డబ్బు వేరు, నెల జీతం వేరు. గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యాయి. మన వైపున్న గనులు ఆ సంస్థ కిందే నడిచాయి. పర్మినెంటు పని, నెలకోసారి జీతం. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యిమందికి తక్కువ పనిచేసే చోట నెల ముగిశాక ఏడో రోజు లోపల, వెయ్యి, అంతకు మించి ఉంటే పదో రోజు లోపల జీతం చేతికందాల్సి ఉండేది. శెట్టికి ఆ చట్టం పేరు తెలియకపోవచ్చు, ఆ తేదీ మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అతని వ్యాపారం మొత్తం ఆ పదో తేదీ చుట్టూ తిరిగింది.

అదెట్లాగో అంకెల్లో చెబుతాను. అంకెలు లెక్క సులువుగా ఉండటానికి వేసుకున్నవి, పద్ధతి మాత్రం అదే. అరవై ఇళ్ల ఖాతాలున్న అంగడి, ఇంటికి నెలకు 1,500 రూపాయల సరుకు. నెల అమ్మకం 90,000. జీతం తర్వాతి నెల పదిన. ఒకటో తేదీన మొదలైన పద్దు అప్పటికి 40 రోజులు నడిచి ఉంటుంది. ఆ పొద్దున ఒక్కో ఇంటి బాకీ 2,000, ఊరి మీద మొత్తం 1,20,000. సాయంత్రానికి గడిచిన నెలది 1,500 కడతారు. ఈ నెల పది రోజుల 500 పుస్తకంలోనే ఉంటుంది. మంచి ఖాతా ఎప్పుడూ సున్నా కాదు. ఎవరైనా మొత్తం కట్టి సున్నా చేశాడంటే సంతోషపడాల్సిన పనిలేదు, వాడు అంగడి మారుస్తున్నాడని అర్థం.

ఇప్పుడు లాభం. అన్ని సరుకుల మీదా కలిపి నూటికి 12 మిగిలితే నెలకు 10,800. ఐదిళ్లు చెయ్యి ఎత్తేస్తే పోయే బాకీ 10,000. అరవైలో ఐదంటే పన్నెండింట ఒకటి. ఆ ఒక్క వంతు జారితే నెల కష్టం గాల్లో కలిసినట్టే. అందుకే ఈ అంగళ్లలో తక్కెడ కంటే పుస్తకం ముఖ్యం.

వడ్డీ పేరు ఎక్కడా వినిపించదు, ధరలో దాక్కుని ఉంటుంది. రొక్కానికి వంద రూపాయలకిచ్చే సరుకు ఖాతాకు 104 అనుకోండి. నెలంతా సమానంగా తీసుకుంటే నెలాఖరుకు బాకీ సగటు వయసు 15 రోజులు, జీతం వచ్చేదాకా ఇంకో పది, మొత్తం 25 రోజులు. 25 రోజులకు నాలుగు రూపాయలంటే నెలకు నూటికి 4 రూపాయల 80 పైసలు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుని రొక్కం పెట్టి కొంటే ఇంటికే లాభం. ఎవరూ అట్లా కొనలేదు. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతే ఊరికి తెలుస్తుంది, అంగడికి పోతే తెలియదు. పైగా అప్పు తెచ్చిన డబ్బు బియ్యం కొనకముందే ఇంకోదానికి పోతుందని ఆడవాళ్లకు బాగా తెలుసు.

ఖాతా ఎవరికివ్వాలి, ఎంతదాకా ఇవ్వాలి అన్నదే అసలు విద్య. జీతంలో మూడో వంతు దాటనివ్వకూడదు. మూడో వంతు దాటిన ఇంట్లో ఇంకో అంగడి పద్దో, చీటీ బాకీయో ఉండి తీరుతుంది. జీతం రోజున శెట్టి వంతు వచ్చేసరికి కవరు ఖాళీ అవుతుంది. సహకార సంఘాల బాకీని జీతంలోంచే కోసుకోవచ్చని అదే 1936 చట్టం చెప్పేది. అంగడి బాకీకి ఆ వీలు లేదు. సంఘం వాటా పట్టుకున్నాక మిగిలిన జీతం మీదే శెట్టి లెక్క వేయాలి. మొత్తం జీతం విని ఖాతా తెరిచినవాడు మునుగుతాడు.

పుస్తకాలు మూడు. ఏ రోజు అమ్మకం ఆ రోజు వరసగా రాసేది చిట్టా. దాంట్లోంచి ఇంటింటి పేజీకి ఎక్కించేది ఆవర్జా. కొనేవాళ్ల దగ్గరుండేది చేతి పుస్తకం, నలభై పేజీల నోటు. సరుకు ఇచ్చేటప్పుడు చేతి పుస్తకంలోనూ చిట్టాలోనూ ఒకేసారి రాయాలి. షిఫ్టుకు పోయే తొందరలో పుస్తకం ఇంట్లో మరిచి వచ్చినవాళ్లది చీటీ ముక్క మీద రాసి మేకుకు గుచ్చుతారు. పద్దుల తగాదాల్లో ఎక్కువ భాగం ఆ మేకు దగ్గరే పుడతాయి. ముక్క గాలికి పోతే శెట్టికి నష్టం. ఎక్కించిన ముక్కను తీసెయ్యకపోతే రెండోసారి ఎక్కుతుంది, అప్పుడు ఇంటికి నష్టం. ఎక్కించిన ముక్కను వెంటనే రెండుగా చించెయ్యడం తప్ప దీనికి మందు లేదు.

ఇంకో తప్పు, సరుకు పేరు రాయకుండా మొత్తం మాత్రం రాయడం. "ఇతర 46" అన్న పద్దును నెల తర్వాత ఎవరూ ఒప్పుకోరు. "తెల్లగడ్డ పావు, సబ్బు 1, చక్కెర అర" అని రాస్తే తిరుగులేదు. రెండోది పిల్లలు. బడికి పోతూ బిస్కెట్లు, బొరుగుండలు ఖాతాలో తీసుకుంటే జీతం రోజున తండ్రికీ శెట్టికీ గొడవ. జాగ్రత్త ఉన్నవాళ్లు చేతి పుస్తకం మొదటి పేజీలోనే "పిల్లలకు ఇవ్వరాదు" అని రాయించుకుంటారు. పేజీ మారేటప్పుడు వెనక మొత్తం పైన వేసి ఇద్దరూ చూసుకోవాలి. కూడికలో తప్పు ఒకసారి ముందు పేజీకి పోయిందంటే అది ఉగాదికి గానీ బయటపడదు.

సరుకుల విషయంలో గని పల్లె అంగడికీ సేద్యం పల్లె అంగడికీ చాలా తేడా ఉండేది. పక్క ఊళ్లో రాగులు ఇంట్లోవే, కొనేది ఉప్పు, మిరపకాయలు, చింతపండు, కిరసనాయిలు. గని ఇంట్లో గింజ దగ్గర నుంచి కొనుక్కోవాల్సిందే. అందులోనూ జీతం వచ్చే ఇంట్లో సంకటి తగ్గి అన్నం పెరిగింది. కాబట్టి బియ్యం బస్తాలు ఎక్కువ. వాటి తర్వాత టీపొడి, చక్కెర, బీడీలు, వక్కాకు, పుగాకు, ఎర్ర లైఫ్‌బాయ్, బట్టల సబ్బు. మట్టి పనికి, రాయి పనికి పోయే ఇంట్లో సబ్బు ఖర్చు సేద్యం ఇంటికి మూడింతలు. అంగడి తెరిచే వేళ కూడా షిఫ్టును బట్టే. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు పొద్దు పొడవకముందే బన్ను, అరటిపండు, బీడీకట్ట అడుగుతారు. సైరన్ కూసేటప్పటికి తలుపు తియ్యని అంగడికి మధ్యాహ్నం బేరం కూడా రాదు.

అన్నిటికన్నా తక్కువ మిగిలేది బియ్యంలో, అన్నిటికన్నా ఎక్కువ డబ్బు ఇరుక్కునేదీ బియ్యంలోనే. అయినా బియ్యం లేని అంగట్లో ఖాతా నిలవదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు అంగళ్ల పని అయిపోయిందన్నారు. కాలేదు. తక్కువ మిగిలే సరుకు బరువు తగ్గింది, ఆ డబ్బు నూనెకీ సబ్బుకీ తిరిగింది.

నూనెలో ఒక కిటుకుంది. శెనగనూనె డబ్బా 15 కిలోలు. కొనడం కిలోల్లో, అమ్మడం లీటర్లలో. లీటరు శెనగనూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్ల చిల్లర ఉంటుందన్నమాట. కొలత గిన్నెకు, గరాటుకు, డబ్బా అడుగుకు అంటుకునేది పోయినా లీటరుకు పైగా మిగులుతుంది. ధర తేడా లేకుండా అమ్మినా ఆ లీటరు లాభమే. పాతకాలంలో కొలతలు ఇంకా చిక్కుగా ఉండేవి: 24 తులాలు సేరు, ఐదు సేర్లు వీశ, ఎనిమిది వీశలు మణుగు. వీశ అంటే 1.4 కిలోలు. మెట్రిక్ కొలతలు వచ్చాక కూడా ముసలివాళ్లు వీశలోనే అడిగేవారు, శెట్టి కిలోన్నర ఇచ్చి కిలోన్నర ధర వేసేవాడు. అందులో మోసం లేదు, కానీ వంద గ్రాములు ఎక్కువ అమ్ముడుపోతాయి.

తరుగు లెక్క తెలియనివాడు ఈ పని చెయ్యలేడు. గోతంతో కలిపి తూచిన బస్తాలో ముందు గోతానిదే పోతుంది. 50 కిలోల జనపనార గోతం 580 గ్రాములు. బెల్లం అచ్చులు వానాకాలంలో చెమర్చి కారతాయి. ఎండు గడ్డి పరచి, నేలకు అడుగు ఎత్తున బల్ల మీద పెట్టకపోతే అడుగు వరస పాకమే. చింతపండు దీనికి వ్యతిరేకం, కొత్తది మాఘ ఫాల్గుణాల్లో దిగినప్పుడు తడి ఎక్కువ, ఎండాకాలం గడిచేసరికి ఎండి బరువు తగ్గుతుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి కొని నిలవ చేసినవాడు ధర పెరిగిందని సంబరపడితే చాలదు, తగ్గిన బరువు తీసేసి చూసుకోవాలి. పైగా ఫ్లవర్, కరిపులి అనే రెండు రకాల చింతపండుకూ కలిపి ఒక ధర వేస్తే చేతిలోది పోతుంది. బార్ సబ్బు కూడా అంతే. తీగతో ముక్కలు కోసి అమ్మే రోజుల్లో, కోసి పెట్టిన ముక్క వారానికి ఆరిపోయి చిన్నదైనట్టు కనబడేది. ఏ రోజుకు కావలసినది ఆ రోజు కొయ్యాలి.

కందిబేడలకూ బియ్యానికీ పురుగు బెడద. దానికి విరుగుడు రెండు: ఎండిన వేపాకు పొరలు పొరలుగా వెయ్యడం, పాత బస్తా అయిపోయాక గోతాన్ని ఎండకు వేసి దులపకుండా కొత్త సరుకు నింపకపోవడం. ఈ రెండోది బద్ధకించిన చోటే పురుగు మళ్లీ వస్తుంది, ఎందుకంటే పాత పురుగు గోతం కుట్లలో దాక్కుని ఉంటుంది. కిరసనాయిలు డబ్బా గోడ అవతల ఉండాలి. టీపొడి, బియ్యం, ఉప్పు మూడూ ఆ వాసన పీలుస్తాయి. ఉప్పు బస్తాను మాత్రం అరుగు మీదే వదిలేసేవారు. దాన్ని ఎత్తుకుపోయేవాడు లేడు.

తూకపు రాళ్లకు, చేతి తక్కెడకు రెండేళ్లకోసారి ముద్ర వేయించాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా. చాలామంది ముద్ర తేదీ మరిచిపోయి జరిమానా కట్టారు, తూకంలో తప్పు లేకుండానే.

సరుకు తెచ్చేది కుప్పం, బంగారపేట, వి.కోట టోకు అంగళ్ల నుంచి. టోకు వ్యాపారి ఇచ్చే గడువు పదిహేను రోజులు. ఊరికి మనమిచ్చేది నలభై. మధ్యలో పాతిక రోజులు సొంత డబ్బు. ఆ సొంత డబ్బు చాలనివాళ్లు దీపావళి చీటీ కట్టించుకునేవారు. నెలకింత చొప్పున ఏడాది కడితే పండక్కి నూనె, మైదా, చక్కెర, పప్పులు, ఒక స్టీలు గిన్నె, టపాసుల డబ్బా. ఇచ్చే సరుకు మీద లాభం శెట్టిదే. అసలు లాభం మాత్రం వడ్డీ లేకుండా ఏడాది పొడవునా చేతిలో తిరిగే డబ్బు. ఇది రెండువైపులా పదునున్న కత్తి. చీటీ డబ్బును ఖాతాల్లో పోసి, ఖాతాలు మొండికేస్తే, పండగ నాటికి ఇవ్వడానికి సరుకూ ఉండదు, డబ్బూ ఉండదు. ఊళ్లో శెట్టి పరువు పోయేది పద్దుల దగ్గర కాదు, చీటీ దగ్గర.

ఈ ఏర్పాటు మొత్తంలో ఒక లోపం మొదటి నుంచీ ఉంది. సేద్యం పల్లెలో ఒకరి పంట పోతే ఇంకొకరిది నిలుస్తుంది, ఒకరికి శెనక్కాయలు, ఒకరికి టమాటా, ఒకరికి పాలు. గని పల్లెలో అరవై ఇళ్లకూ ఒకే యజమాని, ఒకే జీతం రోజు. బాగున్నన్నాళ్లు అదే బలం, ఆగిన రోజు అరవై ఇళ్లూ ఒకేసారి ఆగుతాయి.

ఆగడానికి ముందు సూచనలు లేకపోలేదు. భారత్ గోల్డ్ మైన్స్ 1992లోనే ఖాయిలా సంస్థల బోర్డు ముందుకు పోయింది. పనిలోకి తీసుకోవడం తగ్గిపోయింది. ఆవర్జా చదవడం వచ్చినవాడికి ఇది పత్రికల్లో రాకముందే కనబడుతుంది. తండ్రి పేరున్న పేజీ పక్కన కొడుకు పేరుతో కొత్త పేజీ తెరుచుకోదు. ఉన్న ఖాతాల వయసు పెరుగుతూ పోతుంది. నెలకు కొనే బియ్యం తగ్గుతుంది, మందుబిళ్లలు పెరుగుతాయి. అప్పుడే ఖాతాలు కుదించుకుని పాలకో, దాణాకో మారినవాళ్లు నిలబడ్డారు. చాలామంది మారలేదు. నలభై రోజుల బాకీ ఊరి మీద ఉన్నవాడు ఖాతా ఆపితే పాత బాకీ కూడా రాదు. పులి మీద స్వారీ లాంటిది.

2001 ఫిబ్రవరి 28న సంస్థ మూతపడింది. మన వైపు గనుల కథ కూడా దాంతోనే ముగిసింది. పైన వేసుకున్న లెక్కనే తీసుకోండి. మార్చి పది నాటికి ఊరి మీద 1,20,000, టోకు వ్యాపారి గడువు పదిహేను రోజులు. ఆయన సరుకు ఆపేస్తే అంగట్లో నెల తిరిగేలోపు డబ్బాలు ఖాళీ. మరి ఎందుకు వెంటనే మూసెయ్యలేదు? గ్రాట్యుటీ మీద ఆశ. చివరి జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్లతో గుణిస్తే గ్రాట్యుటీ. 4,000 జీతం, 20 ఏళ్ల పని అయితే 46,153 రూపాయలు. 2,000 బాకీ ఉన్న ఇంటికి 46 వేలు రావాల్సి ఉందంటే ఏ శెట్టయినా ఇంకో రెండు నెలలు సరుకిస్తాడు. అక్కడే దెబ్బ తిన్నారు. ముగింపు ప్యాకేజీ, బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వచ్చిన డబ్బు కూడా ముందు పెద్ద అప్పులకు, పెళ్లిళ్లకు, బెంగళూరులో ఇంటి అడ్వాన్సులకు పోయింది. అంగడి బాకీ ఎప్పుడూ చివరి వరసలోనే.

కాలదోషం సంగతి తెలిసినవాళ్లు కూడా తక్కువ. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అమ్మిన సరుకు బాకీకి గడువు మూడేళ్లు. ఆ మూడేళ్ల లోపల బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా సంతకం పెట్టించుకుంటే గడువు అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. శెట్టి పుస్తకంలో శెట్టి చేతిరాత తప్ప ఇంకేమీ లేకపోతే కోర్టులో దాని బలం తక్కువ. ఉగాదికి లెక్క చూసి "ఇంత బాకీ ఉన్నది నిజం" అని ఒక వాక్యం, తేదీ, సంతకం తీసుకునే అలవాటు ఉన్నది వందలో నలుగురికేమో. ఊళ్లో మొహమాటం. 2004 వచ్చేసరికి ఆ పుస్తకాల్లో చాలా పేజీలు ఉత్త కాగితాలు.

తర్వాత ఆ ఇళ్లవాళ్లు రైలెక్కారు. కేజీఎఫ్ నుంచి, కుప్పం నుంచి పొద్దున్నే బెంగళూరుకు పోయి రాత్రికి తిరిగొచ్చే పని. డబ్బు మళ్లీ వచ్చింది, కానీ ఖర్చుపెట్టే చోటు మారింది. రాత్రి తొమ్మిదికి దిగే మనిషి చేతిలో సంచి ఉంటుంది. ఊళ్లో అంగడికి మిగిలేది మరిచిపోయిన సరుకు, అంటే ఉప్పు, అగ్గిపెట్టె, పెరుగు పొట్లం.

ఇక రాతి క్వారీలు. కుప్పం గ్రీన్ పేరుతో ఎగుమతయ్యే గ్రానైటు మనదే. క్వారీల దగ్గర కూడా అంగళ్లు పుట్టాయి. అయితే ఇవి ఇటుక గోడల అంగళ్లు కావు, రేకుల బంకులు, ఎత్తి ఇంకోచోట పెట్టుకోగలిగిన పెట్టంగళ్లు. అట్లా ఉండటమే తెలివి. గుంటలో నీళ్లు చేరినా, అనుమతి ఆగినా, అవతలి దేశంలో గిరాకీ పడినా పని రాత్రికి రాత్రి నిలిచిపోతుంది. ఇక్కడ బట్వాడా, అంటే కూలి డబ్బు పంచడం, వారానికి. కాబట్టి బాకీ తొమ్మిది, పది రోజులకు మించదు, డబ్బు త్వరగా తిరుగుతుంది. కానీ మనిషి స్థానికుడు కాడు. ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కుర్రాడికి ఖాతా ఇస్తే వాడి ఊరు తెలియదు, ఇల్లు తెలియదు. ఇక్కడ ఖాతా మనిషికి కాదు, మేస్త్రీకి. మేస్త్రీ తల ఊపితేనే సరుకు, బట్వాడాలో అతనే పట్టి ఇస్తాడు. ఆ తల ఊపడానికి అతని వాటా అతనికుంటుంది. సరుకులు కూడా మారాయి. ఆవనూనె, గోధుమపిండి, ఖైనీ పొట్లాలు, మొబైల్ రీఛార్జి. ఆవనూనె డబ్బా తెరిచాక అది పోయేదాకా ఆ క్వారీలో పని ఉంటుందా అని చూసుకుని తెరవాలి. మనవాళ్లు దాన్ని ముట్టరు.

నిజానికి ఇప్పటికీ కాస్త గట్టిగా నిలబడినవి సేద్యం ఊళ్లలోని అంగళ్లే. కారణం పాల బిల్లు. పదిరోజులకో పదిహేను రోజులకో డెయిరీ డబ్బు వస్తుంది, ఏ ఇంట్లో ఎన్ని ఆవులున్నాయో ఊరికి తెలుసు. పట్టుపురుగులు పెంచే ఇళ్లలో నెలకు కాస్త అటూ ఇటూగా గూళ్లు మార్కెట్టుకు పోతాయి. గని పదో తేదీ పోయినా ఇవి చిన్న చిన్న పదో తేదీలు. శెట్టికి కావలసింది అదే, డబ్బు ఎప్పుడొస్తుందో ముందుగా తెలియడం.

2006లో వచ్చిన ఉపాధి హామీ ఈ లెక్కకు లొంగలేదు. మస్టరు, అంటే హాజరు పట్టీ, ముగిసిన పదిహేను రోజుల్లో కూలి పడాలన్నది నిబంధన. పడేది ఖాతాలో, ఎప్పుడు పడిందో ఫోనులో మెసేజ్ చూసిన మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. జీతం కవరు చేతికిచ్చే రోజుల్లో శెట్టి గని గేటు దగ్గరో, తన అరుగు మీదో కూర్చుంటే చాలు. ఇప్పుడు "ఇంకా పడలేదు శెట్టిగారూ" అన్న మాటను కాదనలేడు. డ్వాక్రా సంఘాల అప్పు తక్కువ వడ్డీకి దొరకడంతో గడువు అమ్మే గుత్తాధిపత్యం కూడా పోయింది. గడువు అవసరం లేని మనిషి ధర చూస్తాడు. ధర చూసే మనిషి కుప్పం పోతాడు. సూపర్ మార్కెట్ వాటా ఈ చివరి అడుగే.

ఇప్పుడు మిగిలినవి ఎట్లా నడుస్తున్నాయంటే, ఐదు, పది రూపాయల పొట్లాలు, పాలు, గుడ్లు, కూరగాయలు కొద్దిగా, రీఛార్జి. బియ్యం చాలామంది మానేశారు. 2022 జూలైలో 25 కిలోల వరకూ ఉన్న, లేబులు వేసిన బస్తాకు ఐదు శాతం జీఎస్టీ వేస్తే మిల్లర్లు 26 కిలోల బస్తా తెచ్చారు. పెద్దదయింది బస్తా ఒక్కటే, చిల్లరంగట్లో మిగిలేదేమీ పెరగలేదు. ఫోన్‌పే వచ్చాక చిల్లర బదులు చాక్లెట్టు ఇచ్చే చిన్న ఆదాయం కూడా పోయింది. అయితే దాంతో ఒక మేలు జరిగింది. ఎవరు ఎంత కట్టారో తేదీతో సహా రికార్డు ఉంటుంది, ఖాతా నడిపేవాడికి అదే ఆవర్జా. వారానికోసారి ఆ జాబితాను పుస్తకంతో సరిచూసుకోకపోతే అదీ పాత మేకు మీది చీటీ ముక్కే.

చిగురుగుంట, బిసానత్తం బ్లాకును వేలంలో కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకున్నప్పటి నుంచి గని మళ్లీ తెరిస్తే అంగడి పెట్టాలని చూసేవాళ్లు కనబడుతున్నారు. పెట్టాలనుకుంటే రెండు లెక్కలు చూసుకోండి. ఇప్పటి గనిలో పని యంత్రాలది, మనుషుల్లో ఎక్కువమంది కాంట్రాక్టు వాళ్లు, కుప్పం నుంచి బస్సులో వచ్చి బస్సులో పోతారు. వాళ్లకు కావలసింది టీ, టిఫిన్, సిగరెట్టు, నీళ్ల సీసా, అన్నీ రొక్కం బేరాలు. బియ్యం బస్తాలు పేర్చే గది కట్టుకోవద్దు, గేటుకు వంద గజాల్లో రేకుల బంకు చాలు. ఖాతా ఇవ్వాల్సి వస్తే కాంట్రాక్టు ముగిసే తేదీ అడిగి తెలుసుకుని, దానికి నెల ముందే పుస్తకం కట్టెయ్యండి.